చిన్న కారులో నలుగురి క్యాంపింగ్ సామాను

దుకాణానికి వెళ్లేముందు కొలత టేపు పట్టుకుని కారు డిక్కీ తెరవండి. మా వ్యాగన్ ఆర్ డిక్కీ 341 లీటర్లు. టెంటు కొనేటప్పుడు ఆ లెక్క అక్కరకు రాదు. అడ్డంగా ఎంత పొడవు సంచి పడుతుందన్నదే ముఖ్యం. మడిచిన పొడవు 60 సెంటీమీటర్లు దాటితే నేను ధర కూడా అడగను. విసిరితే తెరుచుకునే టెంట్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ, మడిస్తే బండి చక్రమంతవుతాయి. మనకొద్దు.

‘నలుగురికి’ అని రాసి ఉంటే భుజాలు రాసుకుంటూ పడుకోవాలని అర్థం. ఇద్దరు చిన్నపిల్లలైతే ఫరవాలేదు, సంచులు మాత్రం కారులోనే. టెంటును దుకాణంలోనే విప్పించి లోపలి కుట్లు చూడండి. వాటి మీద అంటించిన టేపు గోటితో గీకితే లేవకూడదు. పైగుడ్డకు నీటి నిరోధం (కారకుండా గుడ్డ ఆపగల నీటి ఎత్తు) 2000 మిల్లీమీటర్లు, నేలగుడ్డకు 3000 ఉంటే ఓ మోస్తరు వానకు భయపడనక్కర్లేదు. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, డబ్బు మనది.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు ఉష్ణోగ్రతలుంటాయి. ‘లిమిట్’ (ఎలాగోలా ఓర్చుకోగల చలి) వదిలేసి ‘కంఫర్ట్’ (హాయిగా నిద్రపట్టే చలి) అంకె చూడండి. లంబసింగిలో జనవరి రాత్రి ఒక్కోసారి సున్నాకు చేరువవుతుంది. ఫోమ్ చాపలకన్నా గాలి పరుపులు తక్కువ చోటు తింటాయి. గ్యాస్ స్టవ్ చిన్నదే చాలు, టెంటులోపల మాత్రం ఎంత చలైనా వెలిగించవద్దు.

స్లీపింగ్ బ్యాగులను వెనక సీటు ముందు, పిల్లల కాళ్ల కింద సర్దండి. డిక్కీలో సామాను సీటు ఎత్తు దాటకూడదు. బ్రేకు వేస్తే తలల మీదికి వస్తుంది. టెంటు అన్నిటికన్నా చివర పెట్టండి, దిగగానే ముందు కావలసింది అదే.