జర్మన్ నేర్చుకుందాం – 7వ పాఠం: ఏ ‘ఉంది’?

పోయిన పాఠంలో ద్వితీయా విభక్తి చూశాం. పుంలింగ పదం ముందు ‘ఐన్’ (ఒక) కాస్తా ‘ఐనెన్’ అవుతుందని చెప్పుకున్నాం. ఈరోజు దానితోనే పని.

ముందు ఈ రెండు వాక్యాలూ పైకి చదవండి.

ఇక్కడ మెడికల్ షాపు ఉంది.
మెడికల్ షాపు ఇక్కడ ఉంది.

మాటలు అవే. అయినా ఒకదాని బదులు ఇంకోటి అనం. ఈ వీధిలో మెడికల్ షాపు అనేది ఉందో లేదో తెలియని మనిషికి మొదటిది చెబుతాం. ఆ షాపు కోసమే వెతుకుతున్న మనిషికి రెండోది చెబుతాం. ఈ తేడాని మనం మాటల వరుసతో చూపిస్తే, జర్మన్‌లో క్రియే మారిపోతుంది.

హీర్ గీప్ట్ ఎస్ ఐనె అపోటేకె – ఇక్కడ మెడికల్ షాపు ఉంది.
డీ అపోటేకె ఇస్ట్ హీర్ – మెడికల్ షాపు ఇక్కడ ఉంది.

కాబట్టి జర్మన్ వాక్యం మొదలుపెట్టే ముందు దాన్ని తెలుగులో అనుకోండి. చోటు ముందొస్తే ‘ఎస్ గీప్ట్’, వస్తువు ముందొస్తే ‘ఇస్ట్’. అన్నిచోట్లా ఇది పనిచేయదు, ఎక్కడ తప్పుతుందో కిందే చెబుతాను. అయినా కొత్తలో ఇంతకంటే మంచి ఆసరా నాకు దొరకలేదు. ఇంగ్లీషు మీదుగా వెళ్ళడం కన్నా మన భాషలోంచి నేరుగా వెళ్ళడమే ఇక్కడ సులువు.

‘ఎస్’ అంటే అది, ‘గీప్ట్’ అంటే ఇస్తుంది. రాసేటప్పుడు చివరి ‘టి’కి ముందు ‘బి’ ఉన్నా ‘ప్’ అనే పలుకుతారు. ఏది ఇస్తుంది, ఎవరికిస్తుంది అని వెతక్కండి. ఆ ‘ఎస్’ కర్త చోటు నింపడానికి వచ్చిన మాట, అంతే. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే జర్మన్లు దీన్నే మాటకి మాట మార్చి, ‘దేర్ ఈజ్’ అనాల్సిన చోట ‘ఇట్ గివ్స్’ అంటుంటారు. ఆ తప్పు వింటే ఈ పాఠం బాగా గుర్తుంటుంది.

అయితే ఆ ‘ఇవ్వడం’ ఊరికే పోలేదు. ఇచ్చే వస్తువు కర్మ కాబట్టి ద్వితీయలోనే ఉండాలి.

ఎస్ గీప్ట్ ఐనెన్ బాన్‌హోఫ్ – ఒక రైల్వే స్టేషన్ ఉంది.
ఎస్ గీప్ట్ కైనెన్ బాన్‌హోఫ్ – రైల్వే స్టేషన్ లేదు.

కర్త ఎప్పుడూ ‘ఎస్’ కనుక క్రియ బహువచనంలోకి మారదు. మనకి ఉంది, ఉన్నాయి, ఉన్నారు. ఇంగ్లీషులో ‘ఈజ్’, ‘ఆర్’. జర్మన్‌లో ఒకటైనా పదహారైనా ‘గీప్ట్’ ఒక్కటే. జర్మనీలో 16 రాష్ట్రాలు ఉన్నాయి అనాలంటే: ఇన్ డాయిచ్‌లాంట్ గీప్ట్ ఎస్ జెష్‌త్సేన్ బుండెస్‌లెండర్. గతంలో అయితే ‘గాప్’. 1949 నుంచి 1990 దాకా ఉన్న కాలం గురించి ఇలా అంటారు: డమాల్స్ గాప్ ఎస్ త్స్వై డాయిచె ష్టాటెన్ – అప్పట్లో రెండు జర్మన్ దేశాలు ఉండేవి.

యూనివర్సిటీ క్యాంటీన్‌లో రోజూ పనికొచ్చే ప్రశ్న ఒకటి: వాస్ గీప్ట్ ఎస్ హోయ్‌టె? ఈరోజు తినడానికి ఏముంది?

ఇక మన సూత్రం తప్పే చోటు. ‘బల్ల మీద పుస్తకం ఉంది’. చోటు ముందే ఉంది, కానీ ఇక్కడ ‘ఎస్ గీప్ట్’ సహజంగా ఉండదు. ఒక వస్తువు ఫలానా చోట కనబడుతోందని చెప్పేటప్పుడు, అది ఏ తీరున ఉందో కూడా జర్మన్లు చెబుతారు.

అవుఫ్ డేమ్ టిష్ లీక్ట్ ఐన్ బూఖ్ – బల్ల మీద పుస్తకం పడుకుని ఉంది.
అన్ డేర్ వాంట్ హెంక్ట్ ఐన్ బిల్ట్ – గోడకి పటం వేలాడుతోంది.

అదే పుస్తకం అలమరలో నిలబెట్టి ఉంటే ‘ష్టేట్’, అంటే నిలబడి ఉంది. అన్నం ప్లేటు బల్ల మీద పరుచుకుని ఉన్నట్టే మనకి కనిపిస్తుంది, కానీ వాళ్ళకి అదీ నిలబడే ఉంటుంది. ఊళ్ళు మాత్రం పడుకుంటాయి: క్యోల్న్ లీక్ట్ ఆమ్ రైన్, కొలోన్ నగరం రైన్ నది ఒడ్డున ఉంది. ఇంట్లో ఒక్కో వస్తువునీ చూస్తూ అది పడుకుందా, నిలబడిందా, వేలాడుతోందా అని వారం రోజులు అనుకుంటూ ఉండండి. బట్టీ పట్టడం కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

‘నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు’ లాంటి వాక్యాలకి ఇవేవీ కుదరవు. వాటికి ‘హాబెన్’ అనే క్రియ కావాలి, అది 8వ పాఠంలో.

ఈ నాలుగూ జర్మన్‌లో చెప్పి చూడండి:

ఇక్కడ సూపర్ మార్కెట్ ఉందా?
స్టేషన్ ఎక్కడ ఉంది?
ఈ ఊళ్ళో యూనివర్సిటీ లేదు.
బల్ల మీద ప్లేటు ఉంది.