పెట్రోల్ ఎన్‌ఐఆర్ రీడింగ్ తేడా కొడుతోందా? మోడల్ జోలికి పోకముందు ఇవి చూడండి

నియర్ ఇన్‌ఫ్రారెడ్ (ఎన్‌ఐఆర్)లో ఆక్టేన్ నంబరో, ఆరోమాటిక్స్ (బెంజీన్ వలయం ఉన్న పదార్థాలు) శాతమో తేడాగా వచ్చిందనగానే చాలామంది నేరుగా కాలిబ్రేషన్ మోడల్ మీద, అంటే స్పెక్ట్రమ్‌ని ఆ అంకెగా మార్చే లెక్క మీద పడతారు. ఆగండి. ముందు స్పెక్ట్రమ్ తెరిచి కళ్లతో చూడండి.

సమస్య: పీకుల తలలు కోసేసినట్టు చదునుగా ఉన్నాయి.
కారణం: సెల్ (శాంపిల్ పోసే గాజు పాత్ర) మందం ఎక్కువైంది. కార్బన్-హైడ్రోజన్ బంధాల కాంబినేషన్ బ్యాండ్లు 2300 నానోమీటర్ల చుట్టూ చాలా బలంగా ఉంటాయి, అక్కడ 10 మి.మీ. సెల్ పెడితే కాంతి అవతలికి దాదాపు రాదు, మీరు చూస్తున్నది ఉత్త నాయిస్.
పరిష్కారం: అక్కడికి 0.5 నుంచి 1 మి.మీ. సెల్ వాడండి. చేతిలో 10 మి.మీ. క్యువెట్ ఒక్కటే ఉంటే 1100-1250 నానోమీటర్ల మధ్య రెండో ఓవర్‌టోన్‌తో (అవే బంధాలు ఇచ్చే, బాగా బలహీనమైన బ్యాండ్లతో) పని కానివ్వండి, అక్కడ ఆరోమాటిక్ 1140 దగ్గర, మిథైల్ 1195 దగ్గర, మిథిలీన్ 1210 దగ్గర కనిపిస్తాయి.

సమస్య: శాంపిల్ అదే, పొద్దున ఒక రీడింగ్, మధ్యాహ్నం ఇంకొకటి.
కారణం: ఉష్ణోగ్రత, లేదా సీసా మూత. పెట్రోల్ ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 0.1 శాతం వ్యాకోచిస్తుంది, సెల్‌లో అణువులు ఆ మేరకు తగ్గుతాయి. మూత తీసి వదిలేస్తే బ్యూటేన్, పెంటేన్ ఎగిరిపోతాయి; అప్పుడు మెషీన్ అబద్ధం చెప్పట్లేదు, శాంపిలే మారిపోయింది.
పరిష్కారం: ఏది తప్పో తేల్చడానికి శుద్ధమైన టోలుయిన్‌ని రెండు పూటలా కొలవండి. దాని రీడింగూ మారితే తప్పు ఉష్ణోగ్రతదో మెషీన్‌దో, అది కదలకుండా పెట్రోల్ రీడింగ్ ఒక్కటే మారితే మూతది. సెల్‌కి థర్మోస్టాట్ పెట్టించుకోవడం మాత్రం ఎలాగూ తప్పదు.

సమస్య: బేస్‌లైన్ (పీకుల అడుగు గీత) మొత్తం పైకి లేచింది.
బుడగలు, నీటి మసక, గాజు మీద వేలిముద్ర, ఇంతే. చల్లటి శాంపిల్‌ని వెచ్చటి సెల్‌లో పోస్తే గుండుసూది తలంత బుడగలు గోడకి అంటుకుని కూర్చుంటాయి, వెలుతురుకి ఎత్తి చూస్తే తెలుస్తుంది. డెరివేటివ్ తీస్తే (స్పెక్ట్రమ్ బదులు దాని వాలుని లెక్కగడితే) ఆ లేపు చాలావరకు పోతుంది, నిజమే, కానీ బుడగని లెక్కలతో తుడవడం నాకు నచ్చదు. సెల్‌ని తుడిచి మళ్లీ నింపండి.

సమస్య: స్పెక్ట్రమ్ శుభ్రంగా ఉంది, టోలుయిన్ సరిగ్గా వస్తోంది, నంబర్ మాత్రం తప్పు.
ఇప్పుడు మోడల్ వంతు. మహలనోబిస్ దూరం (ఈ శాంపిల్ స్పెక్ట్రమ్ మోడల్ కట్టిన శాంపిళ్లకి ఎంత దూరంగా ఉందో చెప్పే అంకె) హద్దు దాటిందంటే ఆ రకం శాంపిల్ కాలిబ్రేషన్‌లో లేదన్నమాట. ఇథనాల్ లేని పెట్రోళ్లతో కట్టిన మోడల్‌కి ఇథనాల్ కలిపినది ఇస్తే జరిగేది ఇదే. అలాంటివి కొన్ని రిఫరెన్స్ పద్ధతిలో (ఆక్టేన్‌కైతే టెస్ట్ ఇంజిన్ మీద) కొలిచి మోడల్‌లో చేర్చండి. దూరం హద్దులోనే ఉంటే రిఫరెన్స్ విలువనే అనుమానించండి. రీసెర్చ్ ఆక్టేన్‌కి టెస్ట్ ఇంజిన్లే రెండు ల్యాబుల మధ్య 0.7 దాకా తేడా ఇవ్వొచ్చు, కాబట్టి 0.3కి టెన్షన్ పడకండి.

సమస్య: సల్ఫర్ పీపీఎంలలో రావట్లేదు.
రాదు. అంత తక్కువ మోతాదు ఎన్‌ఐఆర్ కంటికి ఆనదు, ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్‌కి పంపండి.