జీఆర్‌ఈ వ్యాసంలో స్కోర్ తగ్గితే ఏం చేయాలి?

అమెరికాలో ఎంఎస్, పీహెచ్‌డీ లాంటి చదువులకు రాసే పరీక్ష జీఆర్‌ఈ. మా పిన్ని కొడుక్కి అందులో క్వాంట్‌లో (లెక్కల విభాగం) 170కి 167 వచ్చింది. వారం దాటాక వ్యాసం స్కోర్ చూస్తే 6కి 3. ఇక ఆ రోజు నుంచి ఒకటే పాట: "అన్నా, అడ్మిట్ రాదేమో!" అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేసే మన పిల్లలు చాలామందికి ఉండే టెన్షనే ఇది. వాడూ నేనూ కూర్చుని చేసిన పనులివి.

1. డిపార్ట్‌మెంట్ పేజీ చూడండి. యూనివర్సిటీ మెయిన్ పేజీ సరిపోదు. జీఆర్‌ఈ అడుగుతున్నారా, వ్యాసానికి కనీస స్కోర్ ఉందా అన్నది చాలాసార్లు డిపార్ట్‌మెంట్ పేజీలోనే దొరుకుతుంది. మావాడి లిస్టులో 3.5 కావాలన్నది ఒక్కటే, దాన్ని కొట్టేశాం. కనీసం ఇంత అని రాసి ఉన్నప్పుడు "అదెవరూ చూడరు" అనే కన్సల్టెన్సీ మాట నమ్మకండి. అనుమానం ఉంటే అడ్మిషన్ ఆఫీసుకే మెయిల్ పెట్టండి.

2. కోర్సును బట్టి దిగులు పడండి. కంప్యూటర్ సైన్స్‌లో సాధారణంగా డిగ్రీ మార్కులు, క్వాంట్, ప్రాజెక్టులే ముందు చూస్తారు. పబ్లిక్ పాలసీకో, రాతపని ఎక్కువుండే పీహెచ్‌డీకో అయితే 3 తక్కువే.

3. ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెబుతూ అప్లికేషన్‌తో పంపే రాత) మీరే రాయండి. స్పెల్ చెక్ లేని స్క్రీన్ ముందు రాసిన వ్యాసానికి 2.5 వచ్చి, ఎస్‌ఓపీ మాత్రం ఇంగ్లిష్ ప్రొఫెసర్ రాసినట్టుంటే చదివేవాళ్లకు అనుమానం రాదా?

4. మళ్లీ రాయాల్సిందేనంటే 21 రోజులు ఆగాలి. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్షలో రాయాల్సిన వ్యాసం ఒక్కటే, 30 నిమిషాలు. దాన్ని ఒక మనిషీ, ఒక కంప్యూటర్ ప్రోగ్రామూ దిద్దుతారు. అడిగే అంశాలన్నీ పరీక్ష పెట్టే సంస్థ ఈటీఎస్ వెబ్‌సైట్లో ముందే పెట్టేశారు (ఇది తెలియక వేలు పోసి మెటీరియల్ కొనేవాళ్లున్నారు). బట్టీ పట్టేటన్ని కావులెండి, చాలా ఉన్నాయి. రోజుకొకటి టైమ్ పెట్టుకుని రాయండి.

మావాడి తప్పు ఎక్కడంటే, టెక్నాలజీ వల్ల మనిషి ఆలోచన మొద్దుబారుతుందా అన్న అంశానికి "ఫోన్ల వల్ల అందరూ బద్ధకస్తులవుతున్నారు" అని రాసి వదిలేశాడు. అలా కాదురా, ఆటో డ్రైవర్‌ని తీసుకో అన్నాను. తెలిసిన దారికి కూడా మ్యాప్ చూస్తాడు, నిజమే. మ్యాప్ చూపించిన సందులో పెళ్లి పందిరి అడ్డం వస్తే? అప్పుడు బుర్రే కదా దిక్కు! ఒక్క ఉదాహరణతో అవుననీ చెప్పొచ్చు, ఎక్కడ కాదో కూడా చెప్పొచ్చు. పది మామూలు వాక్యాల కంటే ఇదే మార్కులు తెస్తుంది.

5. స్కోర్ పంపే ముందు ఆలోచించండి. పరీక్ష రోజు నాలుగు చోట్లకు ఉచితంగా పంపుకోవచ్చు, కానీ అప్పటికి వ్యాసం స్కోర్ తెలియదు. తర్వాతైతే ఏ రోజు రాసిన పరీక్ష పంపాలో మీరే ఎంచుకోవచ్చు, దానికి ఫీజు ఉంటుంది. పాత క్వాంట్‌కి కొత్త వ్యాసం అతికించి పంపడం మాత్రం కుదరదు. అందుకే మావాడు 167ని వదులుకోలేక మళ్లీ రాయలేదు.