స్పార్క్ ప్లగ్‌లు ఎన్నాళ్లకు మార్చాలి? ఎలా బిగించాలి?

మామూలు నికెల్ ప్లగ్‌లు (కాపర్ ప్లగ్ అనేది వీటినే) 30 నుంచి 50 వేల కిలోమీటర్లు పనిచేస్తాయి. ప్లాటినం, ఇరిడియం రకాలు చాలావరకు లక్ష దాకా వస్తాయి. మీ కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. బండి బాగానే స్టార్టవుతోందని గడువు దాటించొద్దు. ఎలక్ట్రోడ్ (నిప్పురవ్వ దూకే కొన) అరిగేకొద్దీ గ్యాప్ పెరుగుతుంది, రవ్వ దాన్ని దాటడానికి కాయిల్ (ప్లగ్‌కి కరెంటిచ్చే భాగం) ఎక్కువ వోల్టేజీ ఇవ్వాలి. అలా నెట్టుకొస్తే కాయిల్ కూడా పోతుంది.

పాత ప్లగ్‌ని ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ వేయడం దండగ. నిప్పురవ్వ పదునైన అంచు నుంచే తేలిగ్గా దూకుతుంది, రుద్దినా ఆ అంచు తిరిగిరాదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. కాయిల్ తీసి, ప్లగ్ ఉన్న గుంతలోని దుమ్ము గాలితో ఊదేసి, ప్లగ్ సాకెట్‌తో విప్పండి. కొత్తదాని గ్యాప్ ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచటి రేకులు) చూడండి. ఇరిడియం కొన సన్నగా ఉంటుంది, దాన్ని వంచబోతే విరుగుతుంది.

అసలు జాగ్రత్త బిగించేటప్పుడే. రాట్చెట్ (సాకెట్ తిప్పే పిడి) అప్పుడే ముట్టుకోవద్దు. ప్లగ్ పైకొనకి జానెడు రబ్బరు గొట్టం తొడిగి గుంతలోకి దించండి. ముందు ఎడమవైపు మెల్లగా తిప్పితే మర చిన్నగా ‘టక్’మని కూర్చుంటుంది. అప్పుడు కుడివైపు తిప్పండి. మర అడ్డంగా ఎక్కితే గొట్టమే జారిపోతుంది, అందుకే ఇది సాకెట్ కంటే నయం. ఒకటి రెండు చుట్లకే పట్టేస్తే బలవంతం చేయకుండా వెనక్కి తీసేయండి. అల్యూమినియం హెడ్‌లో (ప్లగ్ బిగించే ఇంజిన్ పైభాగం) మర పాడైతే ఇన్సర్ట్ (కొత్త మర ఉన్న తొడుగు) వేయించక తప్పదు.

వాషర్ హెడ్‌కి తగిలేదాకా చేత్తోనే తిప్పాలి. ఆ తర్వాత టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా): 14 మి.మీ. మరకి 25–30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ.కి 15–20. రెంచ్ లేకపోతే 14 మి.మీ. కొత్త ప్లగ్‌కి అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు చాలు. వాషర్ లేని కోన్ సీటు (అంచు ఏటవాలుగా ఉండే) రకానికి పదహారో వంతు చుట్టు చాలు. వదులుగా వదిలేస్తే వేడి హెడ్‌లోకి దిగక ప్లగ్ కాలిపోతుంది. మరీ బిగిస్తే మర సాగుతుంది. మరకి గ్రీజు రాయొద్దు: జారుడుకి అదే టార్క్‌లో ఎక్కువ బిగుసుకుంటుంది.

తీసిన ప్లగ్‌లని సిలిండర్ వరసలోనే పేర్చి చూడండి. లేత గోధుమరంగు మంచిది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. ఒక్కదానికే తడి నూనె ఉంటే ఆ సిలిండర్ పిస్టన్ రింగులు, వాల్వ్ సీల్ మెకానిక్‌కి చూపించాలి.