కొత్త పీసీలో ర్యామ్ స్పీడ్ నిలబడకపోతే

కొత్తగా బిగించిన పీసీలో ఎక్స్‌పో గానీ ఎక్స్‌ఎంపీ గానీ (ర్యామ్‌ను ప్యాకెట్ మీద రాసిన స్పీడ్‌లో నడిపే రెడీమేడ్ ప్రొఫైల్‌లు) ఆన్ చేయగానే ఒక్కోసారి బ్లూ స్క్రీన్‌లు, గేమ్ మధ్యలో రీస్టార్ట్‌లు మొదలవుతాయి. ర్యామ్ వాపసు ఇచ్చేసే ముందు ఇది చేసి చూడండి.

రెండు స్టిక్‌లే ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్‌లలో ఉన్నాయా చూడండి. పక్కపక్కనే పెట్టేసేవాళ్లు చాలామందే. తర్వాత బయోస్ (మదర్‌బోర్డులో ఉండే సెట్టింగ్‌ల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, సగం గొడవ అక్కడే తీరొచ్చు. అప్పటికీ ఆగకపోతే ప్రొఫైల్ ఆన్‌లోనే ఉంచి, టైమింగ్‌లు, వోల్టేజ్ ముట్టుకోకుండా స్పీడ్ ఒక్కటే 6000 నుంచి 5600కి దించండి. మామూలు వాడకంలో ఆ తేడా తెలియదు.

సేవ్ చేశాక తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) బోర్డు ర్యామ్‌ను సరిచూసుకునే సమయం అది. కంగారుపడి పవర్ తీసేయకండి. తర్వాత పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ను పరీక్షించే సాఫ్ట్‌వేర్) వేసి రాత్రి 4 పాస్‌లు, అంటే నాలుగు విడతల టెస్ట్, నడవనివ్వండి. ఉచిత వెర్షన్ చాలు. ఒక్క ఎర్రర్ కనిపించినా ఇంకో మెట్టు దించాల్సిందే.

నాలుగు స్టిక్‌లు నింపినవాళ్లు 6000 మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది. రైజెన్ 7000 ప్రాసెసర్‌లకు నాలుగింటితో ఏఎండీ చెప్పే స్పీడే 3600.

ప్రొఫైల్ పూర్తిగా ఆఫ్ చేసినా ఎర్రర్లు వస్తుంటే మాత్రం ఈ చిట్కా పనిచేయదు. స్టిక్‌లను ఒక్కొక్కటిగా పెట్టి టెస్ట్ చేసి, తేడా ఉన్నదాన్ని వారంటీకి పంపండి. కిట్‌గా కొన్నదైతే రెండూ కలిపే అడుగుతారు.