తెలుగు అక్షరాన్ని పరిగెత్తించడం ఎలా

విశాఖ గాజువాకలో బైక్ సర్వీసింగ్ షాపు బోర్డుకో, బీచ్ రోడ్డు మీద పరుగు పందెం టీషర్టుకో లావుగా, ముందుకి వాలి దూసుకెళ్తున్నట్టుండే అక్షరాలు కావాలంటే ఇంగ్లీషులో పెద్ద పనేం లేదు, రేసింగ్ సాన్స్ వన్ లాంటి ఫాంటు ఉచితంగానే దొరుకుతుంది. తెలుగులో ఇటాలిక్ విడిగా గీసిన ఫాంట్లు చాలా అరుదు. వర్డ్‌లో ఇటాలిక్ బటన్ నొక్కితే మామూలు అక్షరాన్నే పక్కకి తోస్తుంది, అంతే. కాబట్టి వంచేదీ మనమే, వంచాక సరిచేసుకునేదీ మనమే.

ముందు లావు ఫాంటు పట్టుకోండి. రామభద్ర బాగుంటుంది. కాస్త టెక్నాలజీ లుక్ కావాలంటే అనేక్ తెలుగు ఎక్స్‌ట్రా బోల్డ్ తీసుకుని వెడల్పు పెంచండి, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీనే. పదం టైప్ చేసి కర్వ్స్‌గా, అంటే లాగి సర్దుకోగలిగే గీతలుగా మార్చి (కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్ క్యూ) 10 నుంచి 12 డిగ్రీలు కుడికి వంచండి. మరీ ఎక్కువ వంచితే అక్షరం పడిపోతున్నట్టుంటుంది.

ఇక్కడితో ఆపేసేవాళ్లే ఎక్కువ, అసలు పని ఇక్కడే మొదలు. కుడికి వంచినప్పుడు పైనున్న గుడి ముందుకి పోయి పక్క అక్షరాన్ని గుద్దుతుంది, కిందున్న వత్తు వెనక్కి జారుతుంది. 12 డిగ్రీల దగ్గర 5 సెంటీమీటర్లు కిందున్న వత్తు దాదాపు సెంటీమీటరు ఎడమకి పోతుంది, అంటే పెద్ద బోర్డు మీద అది ముందక్షరానిదేమో అనిపిస్తుంది. వత్తుని విడదీసి చేత్తో కుడికి జరపండి. తర్వాత సున్నా చూడండి, పై కుడి మూల, కింది ఎడమ మూల లావెక్కి మిగతా రెండూ సన్నబడి ఉంటాయి. గీత మీదుండే చుక్కలు, అంటే నోడ్స్ లాగి సమం చెయ్యాలి, విసుగే గానీ తప్పదు.

స్పీడు కోసం అక్షరాల్లో అడ్డంగా కోతలు పెట్టే సరదా అందరికీ ఉంటుంది. తెలుగులో అది డేంజర్. ద అడుగున చిన్న గీత పడితే ధ అయిపోతుంది, ప కూడా అలాగే ఫ అయి కూర్చుంటుంది. ఎన్‌ఏడీ జంక్షన్‌లో బండి మీద పోతూ ఒక్క క్షణం చూసేవాడికి తప్పుగానే కనబడుతుంది. కోతలు పైసగంలోనే, అక్షరం ఎడమ అంచున పెట్టండి, తలకట్టు జోలికి పోకండి.

బైక్ ట్యాంకుకి స్టిక్కరైతే ఇంకో సంగతి. కుడివైపు నుంచి చూస్తే బండి ముందుభాగం మన కుడికే ఉంటుంది, వాలు సరిపోతుంది. ఎడమవైపు అదే అంటిస్తే అక్షరాలు వెనక్కి లాగుతున్నట్టుంటాయి, చదవడానికి కొంచెం వింతగా ఉన్నా నేనైతే అటు ఎడమకే వంచుతాను. అప్పుడు వత్తు కుడికి జారుతుంది, మళ్లీ సర్దుకోవాలి. కోతలు మరీ సన్నగా పెట్టకండి, వినైల్ (స్టిక్కరు షీటు) పీకేటప్పుడు చిన్న ముక్కలన్నీ లేచొచ్చేస్తాయి.