జీతం, పరువు, పని విలువ: ఒక ఉద్యోగాన్ని తూచడం ఎలా?

విజయవాడ, గుంటూరు ఇళ్లలో పిల్లల ఉద్యోగాల ప్రస్తావన వచ్చినప్పుడు మూడు వేర్వేరు లెక్కలు ఒకే మాటలో కలిసిపోతుంటాయి. నెలకు చేతికి ఎంత వస్తుందన్నది ఒకటి. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పుకోవడానికి ఎలా ఉంటుందన్నది రెండోది. ఆ పని ఆగిపోతే ఊరికి ఏమవుతుందన్నది మూడోది. "మంచి ఉద్యోగం" అన్నప్పుడు పెద్దలు ఎక్కువగా రెండోదాన్నే ఉద్దేశిస్తారు, మొదటిది దాని వెంటే వస్తుందనుకుంటారు, మూడోదాన్ని ఎవరూ ఎత్తరు. చేరేముందు ఈ మూడింటినీ విడివిడిగా కాగితం మీద పెట్టుకోవాలి.

ముందు జీతం సంగతి చూడాలి. ఆఫర్ లెటర్‌లో కనిపించే సీటీసీని (ఉద్యోగి మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చును) పక్కన పెట్టి, కోతలన్నీ పోగా బ్యాంకు ఖాతాలో పడే మొత్తాన్ని అడిగి రాసుకోవాలి. యాజమాన్యం కట్టే పీఎఫ్ వాటానూ, ఎప్పుడో ఉద్యోగం మానేటప్పుడు ఇవ్వబోయే గ్రాట్యుటీనీ కూడా సీటీసీలో కలిపి చూపించడం మామూలే. ఆ తరువాత ఆ మొత్తాన్ని గంటకు దించాలి. ఉదాహరణకు, గుంటూరులో ఉంటూ విజయవాడలోని ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూసే ఉద్యోగికి చేతికి 18,000 రూపాయలు వస్తాయనుకుందాం. నెలకు 26 రోజులు, రోజుకు 10 గంటల పని, రానూపోనూ మరో 3 గంటలు. ప్రయాణానికి నెలకు 2,500 ఖర్చు. మిగిలే 15,500 రూపాయలను 338 గంటలకు పంచితే గంటకు దాదాపు 46 రూపాయలు తేలుతుంది. అదే పటమటలో ఉంటూ పక్కనే ఉన్న ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు వేసే పనివాడికి రోజుకు 800 చొప్పున నెలలో 22 రోజులు పని దొరికిందనుకుంటే, రోజుకు 9 గంటల లెక్కన గంటకు 89 రూపాయలు పడుతుంది. ఈ అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవే కనుక మీ అంకెలను మీరు వేసుకోవాలి.

లెక్క ఇక్కడితో ఆపితే ఆఫీసు ఉద్యోగానికి అన్యాయం చేసినట్టవుతుంది. మూల వేతనం 10,000 అయితే ఉద్యోగి వాటా 12 శాతం, యాజమాన్యం వాటా 12 శాతం కలిసి నెలకు 2,400 రూపాయలు పీఎఫ్ కింద జమ అవుతాయి. వాటిని కలుపుకున్నా గంటకు 53 రూపాయలకు మించదు. అయితే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తించే సంస్థ అయి, వేతనం 21,000 లోపు ఉంటే కుటుంబానికి వైద్యం దొరుకుతుంది. సాధారణంగా ఐదేళ్లు నిండాక ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. రంగులు వేసే పనివాడు ఈ రక్షణలన్నీ తన 89 రూపాయల్లోంచే కొనుక్కోవాలి. పని లేని రోజులను కూడా అందులోంచే నెట్టుకురావాలి. గుంటూరు మిర్చి యార్డు హమాలీల సంగతి దీనికి మంచి ఉదాహరణ. సీజన్‌లో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కన కూలి బాగానే గిట్టుబాటైనా, వేసవిలో యార్డుకు సెలవులిచ్చినప్పుడు ఆ రాబడి ఆగిపోతుంది. కాబట్టి ఇలాంటి పనులకు ఏడాది మొత్తం ఆదాయాన్ని పన్నెండుతో భాగించి చూడాలే తప్ప, మంచి నెలను చూసి మురిసిపోకూడదు.

పరువును తీసిపారేయనక్కరలేదు, ఎందుకంటే దానికీ డబ్బు రూపంలో ఫలితం ఉంటుంది. ఇల్లు అద్దెకిచ్చేవారు మొదట అడిగేది "ఏం చేస్తుంటారు?" అనే, బ్యాంకువారు అడిగేది జీతం స్లిప్పు. మెకానిక్‌కు ఆదాయం ఎక్కువగా ఉన్నా కాగితం ఉండదు. ఈ లోటును కొంతవరకు పూడ్చుకోవచ్చు: ఏటా ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయడం, సొంత షెడ్డు ఉంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) చేయించుకోవడం, రాబడిని బ్యాంకు ఖాతా ద్వారా నడపడం చేస్తే రెండు మూడేళ్లలో అప్పు పుట్టే స్థితి వస్తుంది. కాగితంతో సంబంధం లేని పరువు, అంటే మేనమామ ముందు తలెత్తుకోవడం లాంటిది, ఎంతకు కొంటున్నారో మాత్రం తెలిసి కొనాలి. పై లెక్కలో, 89లోంచి 53 తీసేస్తే, దాని ధర గంటకు 36 రూపాయలు. అంత ఇవ్వడానికి సిద్ధపడితే తప్పేమీ లేదు.

ఇక మూడో లెక్కకు నాదగ్గరున్న పరీక్ష ఒక్కటే: ఈ పని వారం రోజులు ఆగితే మొదట ఎవరు ఇబ్బంది పడతారు? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు విజయవాడకు ఈ జవాబు కళ్లకు కట్టినట్టు కనిపించింది. నీరు తీసిన వీధుల్లో జనం ఎదురుచూసింది పారిశుద్ధ్య కార్మికుల కోసం, ఇళ్లలోని బురదను కడిగే ఫైరింజన్ల కోసం, కరెంటు ఇచ్చే లైన్‌మెన్ కోసం, తడిసిన బైకును నడిపించే మెకానిక్ కోసం.

మరి ఇంత అవసరమైన పనికి కూలి ఎందుకు పెరగదన్న ప్రశ్నకు, ఆర్థికవేత్త ఆడం స్మిత్ 1776లోనే నీటినీ వజ్రాన్నీ పక్కపక్కన పెట్టి, అవసరం వేరు, ధర వేరు అని చూపించాడు. ఆ పని చేయగలవారు ఎంతమంది ఉన్నారు, డబ్బు చెల్లించేది ఎవరు, కాదని వెళ్లిపోవడానికి మరో చోటు ఉందా అన్నవే కూలిని నిర్ణయిస్తాయి. అంగన్‌వాడీ కార్యకర్తలకు చెల్లించేది ప్రభుత్వం ఒక్కటే; అదీ గౌరవ వేతనం పేరుతో. 2023 డిసెంబరులో రాష్ట్రమంతటా వారు సమ్మెకు దిగినప్పుడు కార్యకర్తకు నెలకు వచ్చేది 11,500 రూపాయలు. జనవరిలో ప్రభుత్వం వారి పనిని అత్యవసర సేవగా ప్రకటించి ఎస్మాను, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టాన్ని, ప్రయోగించింది. పని అత్యవసరమని చట్టం చెప్పింది, వేతనం మాత్రం ఆ మాట చెప్పలేదు. వారికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది కూడా 2022లోనే.

అందుచేత ఉపయోగపడే పనిని ఎంచుకునేవారు ఆ ఉపయోగమే జీతాన్ని పెంచుతుందని ఆశపడకుండా, సంఘం ఉందా, వేతన సవరణ ఎన్నేళ్లకొకసారి జరుగుతుంది, నియామకం నేరుగానా కాంట్రాక్టరు ద్వారానా అన్న మూడు ప్రశ్నలను చేరేముందే అడగాలి. కాంట్రాక్టరు ద్వారా అయితే, ఇప్పటికే అక్కడ పనిచేస్తున్న ఒకరి పీఎఫ్ పాస్‌బుక్‌లో ప్రతి నెలా జమ పడుతోందో లేదో ఆయన అనుమతితో చూడటం మేలు.